జర్మనీ హాస్టల్ గదిలో ఇంటి సుఖాలు ఎలా తెచ్చుకోవాలి?

చెల్లెమ్మా, నీ ప్రశ్న చదివాను. గుంటూరు నుంచి అక్టోబర్లో మాగ్డెబర్గ్ వచ్చావు, స్టూడెంట్ హాస్టల్లో గది, కిచెన్ ఇంకో ముగ్గురితో కలిపి, వీసా కోసం ముందే డబ్బు వేసి పెట్టిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి వచ్చేది 992 యూరోలు, ఇండియన్ షాపులో ధరలు చూస్తే చెయ్యి రావట్లేదు, తెచ్చుకున్న పచ్చళ్లు అడుగంటాయి, సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంటే ఇంటి మీద బెంగ పెట్టుకుంటున్నావు. పెద్ద ఖర్చు లేకుండా ఇంట్లో ఉన్నట్టు అనిపించే చిన్న చిన్నవి ఏమున్నాయి అని అడిగావు.

సూటిగా చెప్తున్నా. వీకెండ్ బిర్యానీలు, పండగలు తర్వాత. ముందు రోజూ జరిగేవి మూడు సరిచేసుకో: ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, సీసా నిండా ఒక కారప్పొడి, అమ్మవాళ్లతో మాట్లాడటానికి ఒకే వేళ. సరుకులకేమో ఇండియన్ షాపు ఒక్కదాన్నే నమ్ముకోకు, టర్కీ వాళ్ల కొట్టు, వియత్నాం వాళ్ల కొట్టు, నీ వీధి చివర ఆల్డీ, రెవె సూపర్‌మార్కెట్లు, వీటిల్లోనే సగం మన వంటిల్లు దొరుకుతుంది, పేర్లు తెలియాలి అంతే.

ఎందుకిలా చెప్తున్నానంటే, నేను కూడా హనుమకొండ నుంచి స్టూడెంట్‌గానే వచ్చి ఈ తూర్పు జర్మనీలోనే ఉద్యోగం, సంసారం పెట్టుకున్నదాన్ని, ఏటా కొత్తగా వచ్చే పిల్లలు మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. వాళ్లలో ఎక్కువమంది చేసేది ఒకటే, శనివారం పదిమంది కలిసి డబ్బులేసుకుని బిర్యానీ, చికెన్ ఫ్రై, సినిమా, ఆదివారం నిద్ర, ఇక సోమవారం నుంచి శుక్రవారం దాకా బ్రెడ్డు, నూడుల్స్, ఫ్రోజెన్ పిజ్జా. శనివారం బాగానే ఉంటుంది, మంగళవారం రాత్రి ఏడుపొస్తుంది. అదే రోజూ రాత్రి నాలుగు ముద్దలు పెరుగన్నం తిని పడుకునే పిల్లలు చలికాలం గట్టెక్కేస్తారు. మన ఇళ్లలో భోజనం పెరుగుతోనే కదా ముగిసేది, అది లేకపోతే ఎంత తిన్నా తిన్నట్టు ఉండదు.

సరే, పెరుగు. "షాపులో యోగర్ట్ డబ్బా ఉంది కదా అక్కా" అంటారు అందరూ. ఉంది, తినొచ్చు, కానీ అన్నంలో కలిపితే ఆ రుచి వేరు. డబ్బా కొనేటప్పుడు మూత మీద 'మిల్డ్' అని ఉందో లేదో చూడు. జర్మనీలో 'యోగుర్ట్ మిల్డ్' అని రాసి ఉంటే అది వేరే రకం బ్యాక్టీరియాతో చేసింది, పులుపు తక్కువ, నాలుగు రోజులు ఉంచినా మన పెరుగులా పులవదు. ఆ మాట లేని నాటూర్‌యోగుర్ట్, 3.5 శాతం కొవ్వుది తీసుకో. పాలు కూడా బయట అరల్లో పెట్టే హెచ్-మిల్ష్ వద్దు, అది బాగా ఎక్కువ వేడిలో కాచినది, ఆ కాగిన వాసన పెరుగులోకి కూడా వస్తుంది. ఫ్రిజ్ అరలో ఉండే ఫ్రిష్‌మిల్ష్ కొను.

ఇక్కడ చాలామందికి తోడుకోకపోవడానికి కారణం చలి ఒక్కటే కాదు. ఈ యోగర్ట్‌లో ఉండే బ్యాక్టీరియాకి 42 డిగ్రీల దగ్గర వేడి కావాలి, మన ఇంటి తోడులో ఉండేవి ఎక్కువగా గది వేడికే పనిచేసే రకం. అందుకని గుంటూరులో చేసినట్టు గోరువెచ్చటి పాలలో స్పూను కలిపి గట్టు మీద వదిలేస్తే తెల్లారేసరికి పాలు పాలలాగే ఉంటాయి. ఓవెన్ ఉంటే లోపల లైటు మాత్రం వేసి, గిన్నె పెట్టి తలుపు మూసెయ్యి, ఆ బల్బు వేడి చాలు. ఓవెన్ లేకపోతే పాలు వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వేడిగా ఉన్నప్పుడే తోడు కలిపి వెడల్పు మూతి థర్మాస్ ఫ్లాస్కులో పోసి బిగించు, ఆరేడు గంటలు కదపకు.

ఇంకో దారి ఉంది, నాకు అదే ఇష్టం. సూపర్‌మార్కెట్లో 'రైనె బుట్టర్‌మిల్ష్' అని మజ్జిగ దొరుకుతుంది, రైనె అంటే అందులో ఇంకేం కలపలేదని. డబ్బా మీద మళ్లీ వేడి చేసినట్టు రాయని దాన్ని చూసి తెచ్చుకుని, అర లీటరు గోరువెచ్చటి పాలకి రెండు మూడు స్పూన్లు కలిపి హీటర్ దగ్గరగా, హీటర్ మీద కాదు దగ్గరగా, పెట్టు. ఇందులో ఉండేవి తక్కువ వేడికే తోడుకునే రకం. కాస్త ఎక్కువ టైం పడుతుంది, కానీ పెరుగు రుచి మాత్రం మన గిన్నె పెరుగుకి దగ్గరగా వస్తుంది. మిగిలిన మజ్జిగలో నీళ్లు కలిపి ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి దంచి వేసుకుంటే ఇంకేం కావాలి.

పాలు అయ్యాక నెయ్యి. ఇండియన్ షాపులో నెయ్యి డబ్బా ధర చూసి వెనక్కి పెట్టేసి ఉంటావు. వెన్న ప్యాకెట్ల దగ్గర 'సావర్‌రామ్‌బుట్టర్' అని ఉంటుంది, పులియబెట్టిన మీగడ నుంచి తీసిన వెన్న అది. మన ఇళ్లలో పెరుగు మీగడ చిలికి తీస్తారు కదా, దానికి దగ్గరిది ఇదే, పక్కనే ఉండే 'స్యూస్‌రామ్' రకంతో కాస్తే ఆ వాసన రాదు. ఉప్పు లేనిదే తీసుకో. పావుకిలో వెన్నకి రెండు వందల గ్రాముల దాకా నెయ్యి వస్తుంది. సన్న మంట మీద పెట్టి, నురగ తగ్గి చిటపట ఆగుతున్నప్పుడు నాలుగు మెంతిగింజలు వేసి దించెయ్యి. ఆ గిన్నె అడుగున ఎర్రగా మిగిలినదాంట్లో వేడన్నం, ఉప్పు వేసి కలుపుకుని తిను, ఎవరికీ పెట్టకు.

ఇక పొడులు. పచ్చళ్ల కంటే పొడే ఎందుకంటే హాస్టల్ ఫ్రిజ్‌లో నీకున్న అర ఒక్కటే, ఆవకాయ జాడీ అందులో పెడితే మిగతా ముగ్గురి చీజ్‌కి వాసన పడుతుంది, గొడవ. పొడి నీ గదిలో అల్మారాలో ఉంటుంది. అన్నిటికన్నా చవకైనది అవిసె గింజల పొడి. ఇక్కడ అవిసెల్ని లైన్‌జామెన్ అంటారు, ఆల్డీలో, రెవెలో, మందుల సామాన్ల కొట్టు డీఎం‌లో, ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, బ్రెడ్డులో వేసుకుంటారు వీళ్లు. పగలగొట్టినవి కాకుండా గింజలే తీసుకుని, నూనె వెయ్యని మూకుడులో చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కొంచెం చింతపండు, ఉప్పు వేసి మిక్సీ పట్టు. చల్లారాకే పట్టు, లేకపోతే ముద్దవుతుంది.

జీలకర్ర దగ్గర జాగ్రత్త! ఇక్కడ క్యుమ్మెల్ అని రాసున్న డబ్బా చూడ్డానికి అచ్చం జీలకర్రలా ఉంటుంది కానీ అది వేరే గింజ, వీళ్లు క్యాబేజీలో, బ్రెడ్డులో వేస్తారు, దాంతో చారు పెడితే నోట్లో పెట్టుకోలేవు. నీకు కావాల్సింది క్రాయిత్స్‌క్యుమ్మెల్. టర్కీ కొట్టులో అయితే కిమ్యోన్ అంటారు, పెద్ద ప్యాకెట్, ధర కూడా తక్కువ. అలాగే గసగసాలు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు వాటి పేరెత్తడానికే భయపడతారు, దుబాయ్‌కి పట్టుకెళ్తే కేసు. ఇక్కడ మోన్ అని సూపర్‌మార్కెట్లో కేకుల సామాన్ల పక్కనే అమ్ముతారు. నీలం రంగువి, కూర రంగు కాస్త మారుతుంది, రుచికి ఏం ఢోకా లేదు.

కొట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

టర్కీ కొట్టు కూరగాయలకి. కొత్తిమీర, పుదీనా పెద్ద పెద్ద కట్టలు, సూపర్‌మార్కెట్లో కుండీలో నాలుగు రెమ్మలు పెట్టి అమ్మే ధరకే ఇక్కడ చేతికి పట్టనంత వస్తుంది. బెండకాయ, చిన్న వంకాయలు, శనగలు, పప్పులు, పది శాతం కొవ్వున్న పెరుగు బకెట్లు. పొడుగ్గా లేత ఆకుపచ్చగా ఉండే మిరపకాయలు ఉంటాయి చూడు, అవి మన బజ్జీ మిర్చికి సరిగ్గా సరిపోతాయి. ఏప్రిల్ చివర్లో, మే నెలలో ఎరిక్ అని గోలీల్లాంటి పచ్చటి పుల్లటి కాయలు వస్తాయి, రేగుపండు కన్నా కాస్త పెద్దవి, టర్కీ వాళ్లు ఉప్పు అద్దుకుని తింటారు. వాటిని గింజ తీసి తరిగి పప్పులో వేస్తే మామిడికాయ పప్పు కాదని చెప్పడం కష్టం. మా ఆయన ఇప్పటికీ మామిడికాయే అనుకుంటాడు, నేనూ చెప్పలేదు.

వియత్నాం వాళ్ల కొట్టు నీ ఊళ్లో కచ్చితంగా ఉంటుంది. తూర్పు జర్మనీ వేరే దేశంగా ఉన్న రోజుల్లో ఫ్యాక్టరీ పనులకి వియత్నాం నుంచి చాలామందిని తెచ్చుకున్నారు, వాళ్లలో ఉండిపోయినవాళ్లు పూల కొట్లు, కూరల కొట్లు పెట్టుకున్నారు, అందుకే చిన్న ఊళ్లలో కూడా మనకి చింతపండు, కొబ్బరిపాలు, పచ్చి బొప్పాయి, పొడుగు బొబ్బర్లు, చిన్న ఘాటు మిరపకాయలు దొరుకుతున్నాయి. బియ్యప్పిండి అక్కడే కొను. ఏనుగు బొమ్మలున్న థాయిలాండ్ ప్యాకెట్లుంటాయి, ఎర్ర అక్షరాలది మామూలు బియ్యప్పిండి, ఆకుపచ్చ అక్షరాలది జిగురు బియ్యప్పిండి. ఆకుపచ్చది తెస్తే అట్టు పెనాన్ని వదలదు. ఎర్రది తెచ్చుకుంటే మా వైపు సర్వపిండి చేసుకో, మీ గుంటూరు వాళ్లకి అలవాటు లేకపోయినా పర్లేదు: పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిపాయ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి గట్టిగా కలిపి, నూనె రాసిన చల్లటి పాన్‌లోనే చేత్తో పలచగా వత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో చుక్క చుక్క నూనె వేసి మూత పెట్టి సన్న మంట మీద వదిలెయ్యి. ఒక్క పాన్ చాలు, పక్కన కూర కూడా అక్కర్లేదు, మంచు పడే రోజు కిచెన్లో ఆ వాసన వస్తుంటే నీ ఫ్లాట్‌మేట్లే వచ్చి నిలబడతారు.

అదే కొట్టులో గ్రానైట్ రోలు కూడా ఉంటుంది, థాయ్ వాళ్లు వాడేది, చిన్నది. బరువుంటుంది, ఖర్చు ఒక్కసారే. టమాటా పచ్చడి, వంకాయ పచ్చడి అందులో నూరుకుంటే మిక్సీ పచ్చడి మళ్లీ ముట్టవు. కింద తువ్వాలు నాలుగు మడతలు పెట్టి నూరు, కింద ఫ్లోర్ వాళ్లకి దబదబ వినపడకుండా. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారం రోజంతా ఇక్కడ చప్పుడు చెయ్యకూడదు, మిక్సీ అయినా అంతే. ఆదివారం మధ్యాహ్నం పల్లీ చట్నీకి మిక్సీ వేస్తే తలుపు కొట్టే పెద్దావిడ ప్రతి బిల్డింగులో ఒకరుంటారు. ఆదివారం కొట్లు కూడా మూసేస్తారు, కాబట్టి పిండి రుబ్బుడు, సరుకులు అన్నీ శనివారమే.

ఇక సూపర్‌మార్కెట్. బొంబాయి రవ్వ కావాలంటే గ్రీస్ అంటారు, అందులో రెండు రకాలు, హార్ట్‌వైత్సెన్ అని ఉన్నది పొడిపొడిగా ఉప్మాకి బావుంటుంది, వైష్‌వైత్సెన్ ముద్దవుతుంది, అది హల్వాకి. కోల్‌రాబి అంటే మన నూల్‌కోల్. చలికాలంలో హొక్కైడో గుమ్మడికాయ చవక, తొక్క కూడా తియ్యక్కర్లేదు, పులుసు పెట్టుకో. సోనామసూరి కొనలేని నెలలో మిల్ష్‌రైస్ అని పాయసం బియ్యం ఉంటుంది, చాలా చవక, దాన్ని మెత్తగా వండి పెరుగన్నానికి మాత్రం వాడు. పప్పన్నానికి పనికిరాదు, జిగురు.

గోంగూర గురించి అడిగావు. ఇండియన్ షాపుల్లో ఫ్రోజెన్ ప్యాకెట్ ఒక్కోసారి ఉంటుంది, గుంటూరు పిల్లవి నువ్వు దాన్ని చూసి మొహం చిట్లిస్తావని తెలుసు. నిజం గోంగూరకి ఇక్కడ సాటి లేదు, లేదనే అనుకో. కానీ పులుపు కోసం రెండున్నాయి. ఒకటి సావర్‌ఆంప్ఫర్, ఇది మన చుక్కకూరకి దగ్గర చుట్టం, వసంతకాలంలో వారపు సంతల్లో కనిపిస్తుంది, పప్పులో వేస్తే తేడా తెలీదు. రెండోది రబార్బర్, ఎర్రటి కాడలు, ఏప్రిల్ నుంచి జూన్ చివరి దాకా వస్తాయి, వీళ్లు కేకులో వేస్తారు. ఆ కాడలు సన్నగా తరిగి నూనెలో మగ్గించి ఎండుమిర్చి, మెంతులు, వెల్లుల్లి వేసి నూరితే పుల్లపుల్లగా, అన్నంలోకి అద్భుతంగా ఉంటుంది. కాడ మాత్రమే తినాలి, దాని ఆకు విషం, ఆకుకూర కదా అని పప్పులో వేసెయ్యకు.

కరివేపాకు, మునక్కాయలు, అరటికాయ, ఇవి మాత్రం ఇండియన్ షాపులోనో శ్రీలంక తమిళుల కొట్లలోనో తాజాగా దొరుకుతాయి. మాగ్డెబర్గ్ నుంచి బెర్లిన్‌కి ఆర్ఈ1 రీజనల్ రైలు ఉంది, రెండు గంటల్లోపే, యూనివర్సిటీ ఇచ్చే నీ సెమిస్టర్ టికెట్ అక్కడిదాకా చెల్లితే దాంట్లోనే వెళ్లొచ్చు. నెలకోసారి వెళ్లి కరివేపాకు తెచ్చి రెమ్మలు దూసి, కడక్కుండా, డబ్బాలో వేసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టు, నల్లబడినా వాసన పోదు. నూనెలో వేసేటప్పుడు మాత్రం దూరంగా నిలబడు, చిటపటలు మామూలుగా ఉండవు.

పోపు గురించి ఒక మాట. గదిలో, కారిడార్‌లో పొగ అలారం ఉంటుంది, ఎండుమిర్చి మాడిందంటే మోగుతుంది. మూకుడు పెట్టక ముందే కిటికీ బార్లా తెరువు, చలిగా ఉన్నా సరే. ఇంకా ముఖ్యంగా నీ చలికోటు కిచెన్ పక్కన తగిలించకు, పోపు వాసన ఆ కోటులోకి ఎక్కితే వారం రోజులు క్లాసులో నీ పక్కన కూర్చున్నవాళ్లకి నువ్వు ఏం వండావో తెలిసిపోతుంది. కోటు గదిలో అల్మారాలో, గది తలుపు మూసి, అప్పుడు వంట.

ఇడ్లీ, దోశ పిండి గురించి ఎక్కువ చెప్పను, నెట్‌లో బోలెడు ఉంది. పొద్దున రుబ్బితే రాత్రికి పొంగుతుందని ఆశ పెట్టుకోకు, ఇక్కడి గది వేడికి చాలాసార్లు పూట కాదు, రోజంతా పడుతుంది. వేడినీళ్ల రబ్బరు సంచి ఇక్కడ ఏ కొట్టులోనైనా ఉంటుంది, దాన్నీ పిండి గిన్నెనీ కలిపి దుప్పటిలో చుట్టి పెట్టు.

టీ. ఇండియన్ టీపొడి అయిపోతే బాధపడకు, సూపర్‌మార్కెట్లో 'ఓస్ట్‌ఫ్రీజెన్ టీ' అని ఉంటుంది. జర్మనీ ఉత్తర సముద్ర తీరంలో ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ అనే ప్రాంతం వాళ్లు కాఫీ దేశంలో ఉండి కూడా టీ తప్ప తాగరు, మనిషికి ఏడాదికి 300 లీటర్ల దాకా తాగుతారు, వాళ్ల మిశ్రమంలో ఎక్కువ భాగం అస్సాం ఆకే. పాలు పోసి మరిగిస్తే రంగు, చిక్కదనం రెండూ వస్తాయి. బ్యాగులు కాదు, పొడి ఆకు తీసుకో. వాళ్లెవరైనా మనం దాన్ని అల్లం వేసి మరిగించడం చూస్తే మాత్రం గుండె పట్టుకుంటారు.

తిండి చాలు. ఇప్పుడు వేళ.

అక్టోబర్ చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా మనకీ ఇండియాకీ నాలుగున్నర గంటల తేడా, ఎండాకాలం మూడున్నర. నువ్వు సాయంత్రం ఏడింటికి గదికి వచ్చి ఫోన్ చేస్తే అక్కడ పదకొండున్నర, అమ్మ నిద్ర ఆపుకుంటూ మాట్లాడుతుంది, నీకు అపరాధభావం, ఇద్దరికీ సుఖం లేదు. పొద్దున ఏడింటికి చెయ్యి. అక్కడ పదకొండున్నర, అమ్మ వంటింట్లో ఉంటుంది. ఫోన్ ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టమను, నువ్వు నీ టీ పెట్టుకో, ఆవిడ తన కూర తరుక్కుంటుంది. మాట్లాడాల్సిన పని లేదు. "ఏం కూర?" "దొండకాయ." "ఎలా ఇచ్చాడు?" "కిలో నలభై." అంతే, ఆ కుక్కర్ విజిల్, వీధిలో ఆకుకూరల బండి అరుపు వినిపిస్తుంటే చాలు. రాత్రిళ్లు గంటలు గంటలు మాట్లాడి ఫోన్ పెట్టేశాక గది ఇంకా ఖాళీగా అనిపిస్తుంది, పొద్దున అయితే పెట్టేశాక క్లాసుకి పరిగెత్తాలి కాబట్టి ఆ బాధ ఉండదు. వెనకాల చప్పుడు కోసమైతే ఆకాశవాణి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో తెలుగు స్టేషన్లు లైవ్ వస్తాయి, ఆదివారం వంట చేసుకుంటూ పెట్టుకో.

ఒంటికి సంబంధించినవి కొన్ని, సిగ్గుపడి ఎవరూ అడగరు. ఒక ప్లాస్టిక్ బకెట్, ఒక మగ్గు కొనుక్కో, షవర్ గదిలో కూర్చుని వారానికోసారి తలంటు పోసుకో, నీళ్లు మాత్రం ఆ షవర్ తొట్టి దాటకూడదు, బాత్రూం మిగతా నేలకి చాలాచోట్ల నీళ్లు పోయే దారి ఉండదు. సీకాయ పొడి వాడితే జాలీ మీద పాత గుడ్డ వెయ్యి. కొబ్బరినూనె ఇక్కడ దాదాపు ఏడాదంతా గడ్డే, 24 డిగ్రీల కిందకి వస్తే పేరుకుంటుంది కదా, కాసేపు సీసాని వేడినీళ్లలో ఉంచు. జలుబు చేసినప్పుడు అమృతాంజనం ఒక్కటి చాలు నాకు, 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మొదలుపెట్టిన మందు, తలనొప్పి తగ్గుతుందో లేదో గానీ మూత తియ్యగానే మా నానమ్మ మంచం కనిపిస్తుంది.

ఇంటి నుంచి తెప్పించుకునేటప్పుడు ఇవి గుర్తుపెట్టుకో. యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల సరుకులు మనతో తీసుకురాకూడదు, అంటే చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా వద్దు, పట్టుకుంటే పారేస్తారు, ఫైన్ కూడా పడొచ్చు. చేపలు, రొయ్యలకి మాత్రం 20 కిలోల దాకా అనుమతి ఉంది, కాబట్టి రొయ్యల పచ్చడి తెప్పించుకో. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా కుదరవు, 2019 డిసెంబర్ నుంచి తాజా పళ్లు, ఆకులకి సర్టిఫికెట్ ఉండాలి, కొబ్బరికాయ, అరటి, ఖర్జూరం, అనాస, దురియన్‌కి తప్ప. పార్సిల్ పంపితే 45 యూరోల లోపు విలువ ఉన్న కానుకకి సుంకం పడదు, కానీ పాలు, మాంసం నియమం దానికీ ఉంది. మిక్సీ తెచ్చుకోవచ్చు, ఇక్కడ కూడా 230 వోల్టులే, ప్లగ్గుకి అడాప్టర్ ఉంటే చాలు, అమెరికాలో ఉన్నవాళ్ల మాట విని ట్రాన్స్‌ఫార్మర్ కొనకు. కుక్కర్ తెచ్చే ముందు మీ కిచెన్ పొయ్యి ఇండక్షనా మామూలు గాజు పొయ్యా చూడు, ఇండక్షన్ మీద అల్యూమినియం వేడెక్కదు.

పండగల గురించి కూడా అడిగావు. ఉగాదికి గ్రీన్ యాపిల్ మామిడికాయ పని చేస్తుంది, వేపపువ్వు ఎండబెట్టింది ఇంటి నుంచే రావాలి. కార్తీక మాసంలో దీపాలకి ఇబ్బందే లేదు, ఆ రోజుల్లోనే ఇక్కడా క్రిస్మస్ ముందు నాలుగు వారాల కొవ్వొత్తుల హడావిడి మొదలవుతుంది కాబట్టి టీలైట్లు సంచుల్లో అమ్ముతారు, నీ కిటికీలో దీపం చూసి ఎవరూ వింతగా అనుకోరు. గదిలో అగరొత్తులు మాత్రం అలారం చూసుకుని. కొంచెం దూరమైనా ఒకసారి హామ్ అనే ఊళ్లో శ్రీ కామాక్షి అమ్మవారి గుడికి వెళ్లు, శ్రీలంక తమిళులు కట్టుకున్నది, 2002లో కుంభాభిషేకం అయింది, అచ్చం దక్షిణాది గోపురం, వేసవి మొదట్లో రథోత్సవం జరుగుతుంది.

నాకు అన్నిటికంటే సంతోషమేసింది బతుకమ్మ పూల దగ్గర. తంగేడు ఇక్కడ ఎలాగూ దొరకదు, గునుగు కూడా ఉండదనుకునేదాన్ని, సెప్టెంబర్‌లో పెన్నీ సూపర్‌మార్కెట్ గుమ్మం ముందు చిన్న కుండీల్లో ఎర్రగా, పసుపుగా, గులాబీ రంగులో నిప్పు కొసల్లా నిలబడ్డ పూలు చూసి దగ్గరికెళ్తే సెలోసియా అని చీటీ ఉంది. గునుగు అదే జాతి! మన చేలగట్ల మీద తెల్లగా గులాబీగా ఉండేదాన్ని వీళ్లు రంగులు పెంచి అలంకరణకి అమ్ముతున్నారు. కాడలు కాస్త పొట్టి, పేర్చడానికి కష్టం, కింద వరసలకి చామంతులు, బంతిపూలు వేసి పైకి వచ్చేకొద్దీ ఇవి పెడతాం. గుమ్మడిపువ్వు కావాలంటే ఊరి బయట తోటలున్నవాళ్లని అడిగితే నవ్వుతూ ఇస్తారు. నిమజ్జనం మాత్రం చెరువులో, నదిలో వద్దు, ఇక్కడ ఊరుకోరు, తొట్టిలో చేసి ఆ పూలు చెట్ల మొదట్లో వేస్తాం.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ సుఖాలన్నీ చూసి పూర్తిగా తెలుగు గుంపులోనే మునిగిపోకు, జర్మన్ రాకుండా పార్ట్‌టైమ్ పనులు దొరకడం కష్టం, నీ కిచెన్ వాళ్లకి వారానికోసారైనా ఏదో ఒకటి పెట్టు, వాళ్లు పెట్టేది తిను. రెండోది, పెరుగన్నం తిన్నా, అమ్మతో మాట్లాడినా వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, తినబుద్ధి కాకపోవడం, క్లాసుకి లేవలేకపోవడం ఉంటే అది బెంగ కాదు, దానికి పొడులు పనిచెయ్యవు. హాస్టళ్లు, క్యాంటీన్లు చూసుకునే విద్యార్థి సేవా సంస్థ స్టూడీరెండెన్‌వెర్క్‌లో విద్యార్థులకి కౌన్సెలింగ్ ఉంటుంది, చాలాచోట్ల ఇంగ్లీషులో కూడా మాట్లాడతారు, అపాయింట్‌మెంట్ తీసుకో, ఇంట్లో చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ ఆలస్యం చెయ్యకు.

జనవరిలో మీ ఊరి నుంచి ఎవరో వస్తున్నారన్నావు కదా, వాళ్ల సూట్‌కేసులో పచ్చడి ఒకటే పెట్టించకు. ఇంగువ, ఎండు వేపపువ్వు, కందిపొడి, గుంటూరు కారం కిలో, ఇంకా మీ కుక్కర్ సైజు గ్యాస్కెట్ రెండు, మిక్సీ చిన్న జార్ రబ్బరు ఒకటి. గ్యాస్కెట్ సాగిపోయిందంటే మన సైజుది ఇక్కడ దొరకదు, కొత్త కుక్కరే కొనాలి. కుక్కర్ మూత మీద లీటర్లు రాసి ఉంటాయి, ఫోటో తీసి ఈరోజే ఇంటికి పంపు.